తెర వెనక ఆరుగురు స్టూడెంట్లు: వద్దనొచ్చా?

ఉత్తరం

డాక్టర్ గారికి నమస్కారం. నాకు 28 ఏళ్లు. తొలి కాన్పు. ఇప్పుడు 24వ వారం. మొదటి నుంచీ ఇంటి దగ్గరున్న డాక్టరమ్మ దగ్గరే చూపించుకున్నాను. ఐదో నెల దాటాక బీపీ ఒకసారి 136/86, రెండు వారాల తర్వాత 142/90 వచ్చింది. నన్ను మోసేటప్పుడు మా అమ్మకూ బీపీ ఉండేదట. అది విని ఆవిడ నన్ను మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పంపారు. అక్కడ రాత్రీ పగలూ డాక్టర్లు ఉంటారని, రక్తం దొరుకుతుందని, నెలలు నిండని పిల్లలకు వేరే వార్డు ఉంటుందని చెప్పారు.

మొదటిసారి వెళ్లినప్పుడు తెర వెనక ఆరుగురు స్టూడెంట్లు ఉన్నారు. మేడమ్ నా పొట్ట మీద చెయ్యి వేసి వాళ్లకేదో చెప్పారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు వచ్చి నొక్కి చూశారు. నా పేరు కూడా ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ రోజు డాక్టర్ బీపీ మాత్ర మొదలుపెడదాం అన్నారు. వారం తర్వాత వెళ్తే డాక్టర్ మారిపోయారు. ఆ రోజు బీపీ 134/84. ఆయన ఇప్పుడే మాత్ర అక్కర్లేదు అన్నారు. ఎవరి మాట వినాలి? స్టూడెంట్లు వద్దంటే కోపం పెట్టుకుని నన్ను సరిగ్గా చూడరేమో. 'నేర్చుకునేవాళ్ల చేతుల్లో పెడతామా' అని అత్తగారు. 'వేరే చోటికి మారిపోదాం' అని మావారు. కాన్పు గదిలో ఆ కొత్త మొహాల మధ్య ఒక్కదాన్నే ఎలా ఉండాలో తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

సమాధానం

అమ్మా, మీ ప్రశ్నలకంటే ముందు మీ ఏడుపు దగ్గర మొదలుపెడతాను. అది చాదస్తం కాదు. ఒక మనిషి ఒంటి మీద చెయ్యి వేసే ముందు పేరు అడగాలి, ఎందుకు చూస్తున్నారో చెప్పాలి, వద్దంటే ఆగాలి. పాఠాలు చెప్పే ఆసుపత్రి అని దీనికి మినహాయింపు లేదు. ఆ రోజు మీ విషయంలో జరిగింది తప్పు. ఒక డాక్టరుగా ఆ మాట మీకు చెప్పడం నా బాధ్యత.

ఎందుకంటే ఒకప్పుడు నేనూ అలా తెర వెనక నిలబడ్డ స్టూడెంట్‌నే. మొదటిసారి ఒక గర్భిణి పొట్ట మీద చెయ్యి పెట్టిన రోజు నాకింకా గుర్తుంది. చలికాలం పొద్దున, అప్పుడే చన్నీళ్లతో చేతులు కడుక్కుని వచ్చాను. నా చెయ్యి తగలగానే ఆమె ఉలిక్కిపడింది. పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. బిడ్డ తల ఎటుందో, వీపు ఎటుందో ఏమీ తెలియలేదు. మా మేడమ్ నా చెయ్యి పక్కకు తీసి, 'ముందు ఆమె మొహం చూడు' అన్నారు. చూశాను. పళ్లు బిగబట్టి పైకప్పు కేసి చూస్తోంది. అరచేతులు రుద్దుకుని వేడి చేసుకున్నాను. పేరు అడిగాను. చెయ్యి పెట్టనా అని అడిగాను. ఆమె తల ఊపింది. కాసేపటికి పొట్ట మెత్తబడింది. అప్పుడు నా వేళ్ల కింద ఒకవైపు బిడ్డ వీపు నున్నగా, పొడుగ్గా తగిలింది. రెండోవైపు చిన్న చిన్న ముడుల్లా కాళ్లూ చేతులూ తగిలాయి. భయపడ్డ పొట్ట ఏమీ చెప్పదు. అడగకుండా నొక్కిన ఆ ఆరుగురికీ ఆ రోజు నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ దొరికి ఉండదు.

మీ అత్తగారి భయాన్ని కూడా నేను కొట్టిపారెయ్యను. దానికి చరిత్రలో బలమైన కారణమే ఉంది. 1840లలో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో రెండు కాన్పు వార్డులు ఉండేవి. ఒకదాంట్లో వైద్య విద్యార్థులు నేర్చుకునేవారు, రెండోదాంట్లో మంత్రసానులు నేర్చుకునేవారు. విద్యార్థుల వార్డులో దాదాపు పదిమందికి ఒక తల్లి చొప్పున బాలింత జ్వరంతో చనిపోయేది. మంత్రసానుల వార్డులో చావులు అందులో సగం కూడా లేవు. ఈ సంగతి ఊళ్లో ఆడవాళ్లకు తెలుసు. మొదటి వార్డుకు పంపొద్దని కాళ్లావేళ్లా పడేవారు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ 1847లో కారణం పట్టుకున్నాడు. డాక్టర్లు, విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే నేరుగా వచ్చి తల్లులను పరీక్షిస్తున్నారు. క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కుంటే తప్ప లోపలికి రావద్దని ఆయన కట్టడి చేశాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన చావులు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి దిగాయి. కారణం తెలియకపోయినా, ఆ వార్డులో ఏదో తేడా ఉందని ఆడవాళ్లు పట్టిన పట్టు నిజమైంది. అందుకే మిమ్మల్ని ముట్టుకోబోయే ఎవరినైనా 'చేతులు కడుక్కున్నారా' అని అడగడానికి మొహమాటపడకండి. ఎంత పెద్ద ప్రొఫెసర్ అయినా సరే.

ఇంకో ఆసుపత్రి సంగతి చెప్తాను. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో నేషనల్ విమెన్స్ హాస్పిటల్. అక్కడి లిగిన్స్, హోవీ అనే ఇద్దరు డాక్టర్లు 1972లో ఒక ఫలితం ప్రకటించారు. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తాయని తేల్చారు. ఈరోజు ప్రపంచమంతా ఆ ఇంజెక్షన్ వాడుతోంది. రేపు మీకే అవసరం పడవచ్చు. అదే ఆసుపత్రి మీద న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిపి 1988లో నివేదిక ఇచ్చారు. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు దశ మార్పులున్న కొందరు ఆడవాళ్లకు సరైన వైద్యం చెయ్యకుండా, ఆ సంగతి వాళ్లకు చెప్పకుండా ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకున్నారని అందులో తేలింది. మత్తులో ఉన్న ఆడవాళ్లకు వాళ్ల అనుమతి లేకుండా విద్యార్థుల చేత లోపలి పరీక్షలు చేయించారని కూడా బయటపడింది. ఆ తర్వాత 1996లో ఆ దేశంలో రోగుల హక్కుల నియమావళి వచ్చింది. బోధన కోసం రోగిని చూసేటప్పుడు కూడా ఆ హక్కులన్నీ ఉంటాయని అందులో స్పష్టంగా రాశారు.

ఒకే కప్పు కింద అంత మంచీ, అంత చెడూ. తల్లిని అడగడం మానేసిన చోటే చెడు మొదలైంది.

ఇక వద్దంటే కోపం వస్తుందా అన్న ప్రశ్న. ఒకరిద్దరు మొహం ముడుచుకోవచ్చు, అబద్ధం చెప్పను. కానీ మీరు వద్దన్నారని మీ వైద్యం ఆగకూడదు, తగ్గకూడదు. తగ్గిందనిపిస్తే వార్డు సిస్టర్‌కి చెప్పండి, లేదా యూనిట్ చీఫ్‌ని, అంటే మిమ్మల్ని చూసే డాక్టర్లందరికీ పెద్దని, కలవాలని అడగండి. మాటలు కూడా ముందే అనుకుని వెళ్లండి, అక్కడ బల్ల మీద పడుకున్నాక గొంతు రాదు. 'మీరు డాక్టరా, స్టూడెంటా?' అని మొదట అడగండి. 'ఒక్కరు చూడండి చాలు, అందరూ వద్దు.' 'పొట్ట చూడటానికి సరే, లోపలి పరీక్ష మాత్రం స్టూడెంట్లు చెయ్యొద్దు.' 'ఈరోజు ఒంట్లో బాగాలేదు, ఇవాళ వద్దు.' ఇందులో ఏ ఒక్కటన్నా చాలు. పోయినసారి సరే అన్నారు కదా అని ఈసారీ ఒప్పుకోవాల్సిన పని లేదు. పరీక్ష మధ్యలో ఆపమన్నా ఆపాల్సిందే. ఆపరేషన్ అవసరమై మత్తు ఇవ్వాల్సి వస్తే, సంతకం పెట్టే ముందే అడగండి: మత్తులో ఉన్నప్పుడు నేర్చుకోవడం కోసం ఎవరైనా నన్ను పరీక్షిస్తారా? వద్దనుకుంటే ఆ మాట కాగితం మీద రాయించండి.

నా సొంత అభిప్రాయం అడిగితే, మీకు ఇబ్బంది లేని రోజున ఒక్క స్టూడెంట్‌కి ఒప్పుకోండి. రేపు మీ చెల్లెలి కాన్పు చేసేది ఆ పిల్లే కావచ్చు. ఎవరో ఒక తల్లి సరే అంటేనే నేను నేర్చుకున్నాను. కానీ అది మీరు పెట్టే భిక్ష. వాళ్లకు బాకీ లేరు.

అత్తగారికి ఇది చెప్పండి. స్టూడెంట్ మీకు మందు రాయలేరు, ఏ నిర్ణయమూ తీసుకోలేరు. హౌస్ సర్జన్ చదువు పూర్తి చేసి శిక్షణలో ఉన్నవారు. పీజీ అంటే అప్పటికే డాక్టర్, కాన్పుల విభాగంలో పై చదువు చదువుతున్నవారు. అర్ధరాత్రి మీ దగ్గరికి పరుగెత్తుకుని వచ్చేది ఎక్కువగా వీళ్లే. వాళ్ల పైన అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆ పైన యూనిట్ చీఫ్. కష్టమైన కేసు కిందివాళ్లు పైవాళ్లకు చెప్పి తీరాలి. మీ కేసు చూస్తున్న యూనిట్ చీఫ్ పేరేమిటో వచ్చేసారి కనుక్కుని ఫైలు అట్ట మీద రాసుకోండి.

అన్ని కళ్లు చూడటంలో ఒక మేలు ఉంది, అది మీలాంటి బీపీ కేసుల్లోనే ఎక్కువ. అక్కడ ఒకే ప్రశ్న నలుగురు అడుగుతారు. ఆఖరి నెలసరి ఎప్పుడు, తలనొప్పి ఉందా, బిడ్డ కదులుతోందా. విసుగొస్తుంది. నేను పనిచేసిన ఒక వార్డులో ఎనిమిదో నెల గర్భిణి ఉండేది. పొద్దున చూసినప్పుడు బీపీ కాస్త ఎక్కువగా ఉంది, కంగారుపడేంత కాదు. మేమందరం చూసి వెళ్లిపోయాం. మధ్యాహ్నం ఒక స్టూడెంట్ కేసు రాసుకోవడానికి మంచం పక్కన కూర్చుంది. తీరిక ఉన్నది ఆ పిల్లకే. మాటల్లో ఆమె, 'ఉంగరం మూడు రోజులుగా రావడం లేదమ్మా, సబ్బు రాసినా కదలడం లేదు' అంది. ఆ పిల్ల వేలు చూసింది. ఉంగరానికి అటూ ఇటూ చర్మం ఉబ్బి, మధ్యలో బంగారం గాడిలో కూరుకుపోయి ఉంది. పరుగెత్తుకొచ్చి చెప్పింది. మళ్లీ బీపీ చూస్తే 160 దాటింది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ఆ రాత్రి దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు తలుచుకోవాలని లేదు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్లారు. కాబట్టి నాలుగోసారి అడిగినా నాలుగోసారి కూడా పూర్తిగా చెప్పండి. మూడుసార్లు గుర్తురానిది నాలుగోసారి గుర్తొస్తుంది.

ఇలాంటి ఆసుపత్రుల్లో నేను అసలు భయపడేది స్టూడెంట్లను చూసి కాదు. డాక్టర్లు మారిపోవడాన్ని చూసి. డ్యూటీలు మారతాయి, పీజీలు వేరే యూనిట్‌కి వెళ్తారు, హౌస్ సర్జన్లు కొన్ని వారాలే ఉంటారు. మిమ్మల్ని మొదటి నుంచి చివరిదాకా గుర్తుపెట్టుకునే మనిషి అక్కడ దొరకడం కష్టం. తొమ్మిది నెలలూ మారకుండా ఉండేవి రెండే: మీరు, మీ చేతిలో ఫైలు. ఆ ఫైలొక్కటి మీరు బాగా పట్టుకుంటే నాకు సగం బెంగ తీరుతుంది.

ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసి ఫైలు మొదట్లో కుట్టండి: పేరు, వయసు, తొలి కాన్పు, ఆఖరి నెలసరి తేదీ, మొదటి స్కానింగ్ ప్రకారం కాన్పు తేదీ, బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు, అమ్మకు కాన్పులో బీపీ. దాని కింద గీతలు గీసి తేదీ, బీపీ, బరువు, మూత్రంలో ప్రొటీన్, హిమోగ్లోబిన్, ఏ డాక్టర్ ఏం చెప్పారు అని వరసగా నింపుతూ రండి. కొత్త డాక్టర్ రాగానే ఫైలు తెరిచేదాకా ఆగకుండా మీరే చెప్పెయ్యండి: 'తొలి కాన్పు, 24 వారాలు, బీపీ ఒకసారి 142/90, పోయిన వారం 134/84, మా అమ్మకూ ఉండేది.' పది సెకన్లు పట్టదు. ఆ డాక్టర్ తల ఎత్తి మీ మొహం చూస్తారు. ప్రతి పేజీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, ఫైళ్లు పోతుంటాయి.

ఇప్పుడు ఇద్దరు డాక్టర్ల మాట. ఇద్దరూ తప్పు చెప్పలేదు. 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తే గర్భంతో వచ్చిన బీపీ అంటాం. కానీ ఒక్క అంకె చూసి ముద్ర వెయ్యం. కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు రావాలి. 142/90 చూసి మాత్ర మొదలుపెడదాం అన్న డాక్టర్ జాగ్రత్తపడ్డారు, 134/84 చూసినాయన ఇంకా తేలలేదు అన్నారు. కానీ అక్కడితో వదిలెయ్యకూడదు. వచ్చేసారి ఇలా అడగండి: 'నాది బీపీ కేసేనా కాదా అన్నది ఏ అంకెలను బట్టి తేలుస్తారు, ఎంత వస్తే మాత్ర మొదలుపెడతారు, మళ్లీ ఎప్పుడు రావాలి?' జవాబు ఫైలులో రాయమనండి. అప్పుడు డాక్టర్ మారినా లెక్క మారదు. రక్తంలో ప్లేట్‌లెట్లు, లివర్, కిడ్నీ పరీక్షలు చేశారో లేదో కూడా అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు వాడే బీపీ మాత్ర మాత్రం ఎవరిచ్చినా వేసుకోకండి. వాటిలో కొన్ని రకాలు కడుపులో బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. గర్భిణులకు ఇచ్చే మాత్రలు వేరే ఉన్నాయి. ఆస్పిరిన్ చిన్న డోసు ముందే రాసి ఉంటే మీ అంతట మీరు ఆపకండి.

బీపీ చూసే పద్ధతి కూడా తెలుసుకోండి, ఎందుకంటే రద్దీ ఓపీలో దాన్నే ముందు గాలికి వదిలేస్తారు. మెట్లెక్కి వచ్చి, గంట క్యూలో నిలబడి, కూర్చోగానే పట్టీ కడితే అంకె పెరిగే వస్తుంది. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పాదాలు నేల మీద, కాలు మీద కాలు వద్దు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ బట్ట మీద కాదు, చర్మం మీద. చూసేటప్పుడు మాట్లాడొద్దు. 'ఐదు నిమిషాలు కూర్చున్నాక చూడండమ్మా' అని సిస్టర్‌ని అడిగితే తప్పేమీ లేదు. ఇంట్లో మిషన్ కొనుక్కుంటే ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి అంకెతో సరిపోతుందో లేదో పోల్చి చూసుకోండి.

ఇది మాత్రం అందరూ చదవాలి, మీవారు కూడా. ఎంతకీ తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, కుడివైపు డొక్క కింద నొప్పి, ఉన్నట్టుండి మొహం, చేతులు వాపు, వాంతులతో పాటు ఒంట్లో బాగాలేకపోవడం, బీపీ 160/110 దగ్గరికి రావడం. వీటిలో ఏది కనిపించినా ఓపీ రోజు కోసం ఆగకూడదు. అర్ధరాత్రయినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారే, ఫిట్స్ వచ్చి తల్లి ప్రాణం మీదికి వచ్చేది, దానికి ముందు మెట్లు ఇవే. ఈ మెట్టు మీద పట్టుకుంటే ఆపగలిగే మందు ఉంది: మెగ్నీషియం సల్ఫేట్. 33 దేశాల్లో పదివేలమందికి పైగా గర్భిణులు, బాలింతల మీద జరిగిన మ్యాగ్‌పై అధ్యయనం 2002లో వెలువడింది. ఆ ఇంజెక్షన్ ఫిట్స్ వచ్చే ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని అందులో తేలింది. అది ఇచ్చి, గంట గంటకీ కనిపెట్టుకుని ఉండే మనుషులు ఎప్పుడూ ఉండే చోటు కావాలి. మీ డాక్టరమ్మ మిమ్మల్ని అక్కడికి పంపింది అందుకే. రక్తం పోవడం, ఉమ్మనీరు కారడం, బిడ్డ కదలికలు తగ్గడం వీటికీ ఇదే మాట. చివరి నెలలో చోటు చాలక బిడ్డ కదలికలు తగ్గుతాయి అంటారు, నమ్మకండి. తగ్గితే అదే రోజు వెళ్లి చూపించుకోండి.

రాబోయే వారాల్లో మామూలుగా జరిగేవి కొన్ని ఉన్నాయి. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజు తాగించి షుగర్ పరీక్ష చేస్తారు, అడిగి చేయించుకోండి. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గకుండా చూసుకోవాలి. మీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే 28వ వారం దగ్గర ఒక ఇంజెక్షన్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి ప్రతి గర్భిణికీ కనీసం ఎనిమిదిసార్లు చూపించుకోవాలని చెబుతోంది, బీపీ ఉంటే అంతకంటే ఎక్కువసార్లే వెళ్లాలి. మీకు బిడ్డ ఎదుగుదల చూడటానికి స్కానింగులు కూడా ఎక్కువ అవుతాయి. దానికి భయపడకండి. మాయకు రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూసుకోవడానికే అది.

కాన్పు గది గురించి మీరు రాసిన ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాను. ఒక్కదాన్నే ఎలా ఉండాలి అన్నారు. ఉండకూడదు. నొప్పుల సమయంలో తల్లికి నచ్చిన మనిషి పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫారసు చేసింది. అలా ఒకరు తోడున్న తల్లులకు మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మీ ఆసుపత్రిలో ఎవరిని లోపలికి రానిస్తారో ఇప్పుడే కనుక్కోండి. అమ్మో, అక్కో, మీవారో, ఎవరి చెయ్యి పట్టుకుంటే మీకు ధైర్యమో వాళ్లనే తీసుకెళ్లండి, ఇంట్లో ఎవరు పెద్ద అన్నది ఇక్కడ లెక్క కాదు. ఆ మనిషికి మీ అట్టముక్కలోని అంకెలన్నీ నేర్పండి. నొప్పుల్లో మీరు చెప్పలేరు, వాళ్లు చెప్పాలి. వీలైతే ఎనిమిదో నెలలో ఒకసారి ఆ గది బయటినుంచైనా చూసి రండి. ఎటు నుంచి లోపలికి వెళ్లాలో తెలిసినా కొంత టెన్షన్ తగ్గుతుంది.

లోపలి పరీక్షల విషయంలో గట్టిగా ఉండండి. నొప్పులు బాగా మొదలయ్యాక అంతా సవ్యంగా ఉంటే నాలుగు గంటలకు ఒకసారి చూస్తే సరిపోతుంది. ఏదైనా ఇబ్బంది కనిపిస్తే ముందే చూడాల్సి వస్తుంది, అప్పుడు కారణం చెప్పాలి. ఒకరు చూసి వెళ్లాక, నేర్చుకోవడం కోసం ఇంకొకరు, ఇంకొకరు చూడటం తగదు. అది మీకు నొప్పి, ఇన్‌ఫెక్షన్ ముప్పు కూడా. 'ఇప్పుడే చూశారు కదా, ఎంత తెరుచుకుందో షీటులో రాసి ఉంది' అని మీ తోడు మనిషి చెప్పాలి. ఈ ఒక్క మాట చెప్పడానికైనా పక్కన మనిషి కావాలి.

కాన్పయ్యాక బీపీ పోయినట్టే అనుకుని ఇంటికెళ్లి పడుకునేవాళ్లు చాలామంది. బీపీ తరచుగా కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బాగా పెరుగుతుంది. ఫిట్స్ కూడా అప్పుడు రావచ్చు. ఆ వారం రోజుకోసారైనా బీపీ చూపించుకునే ఏర్పాటు డిశ్చార్జి కాగితం చేతికొచ్చే ముందే అడిగి రాయించుకోండి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరం వచ్చినా వెంటనే వెళ్లండి. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే అది కూడా వైద్యం చెయ్యాల్సిన జబ్బే, దాచుకోకండి. గర్భంలో బీపీ వచ్చినవాళ్లకు తర్వాతి జీవితంలో బీపీ, గుండె జబ్బుల ముప్పు ఎక్కువ. కాన్పయి మూడు నెలలు నిండాక ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి బీపీ చూపించుకోవాలి. పిల్లలు పుట్టాక ఆడవాళ్లు ఆసుపత్రి గడప తొక్కడం పిల్లల టీకాల కోసమే అయిపోతుంది. ఆ టీకా రోజునే మీ చెయ్యి కూడా చాపి బీపీ చూడమనండి.

మారాలా వద్దా అంటే, నేను మా ఇంటి ఆడపిల్లకు చెప్పినట్టే చెప్తున్నాను: మారకండి. ఇప్పుడు మీకు కావాల్సింది రాత్రి రెండు గంటలకు మేలుకుని ఉండే డాక్టర్, రక్తం, పసిబిడ్డల వార్డు. అవి ఇంకెక్కడైనా ఖాయంగా ఉంటాయని తేలితే అప్పుడు ఆలోచించండి. ఊరికే మొహమాటానికో, సిగ్గుకో వదులుకోవద్దు. వారానికోసారి మీ ఇంటి దగ్గర డాక్టరమ్మ చేత బీపీ చూపించుకుంటూ కాన్పుకు మాత్రం అక్కడికే వెళ్లొచ్చు. ఇద్దరికీ ఒకే ఫైలు చూపించండి.

వచ్చేసారి వెళ్లినప్పుడు తెర వెనక ఎవరైనా చెయ్యి పెట్టబోతే ముందు మీ పేరు చెప్పండి, వాళ్ల పేరు అడగండి. చెయ్యి చల్లగా ఉంటే వేడి చేసుకుని రమ్మనండి.